అల్లం బల్ల మీద యుద్ధం

అల్లం మూటలు గోడవారకు జరిగితే తప్ప గదిలో బల్ల పట్టదు. నాగరాజ్ రెండు మూటలు ఈడ్చి, మూడోదాని చెవులు పట్టుకొని ఆగాడు. వాళ్ళమ్మ మహాదేవమ్మ గడప దగ్గర కత్తిపీట ముందేసుకొని విత్తనపు అల్లం కోస్తోంది. మొలక కన్నున్న ముక్క ఒక గంపలోకి, లేని ముక్క ఇంకో గంపలోకి పడుతున్నాయి.

"గా మూట తడిగున్నది. గోడకు ఆనిస్తే బూజు వడ్తది," అంది తలెత్తకుండా.

"మరేడ పెట్టాలె అవ్వా?"

"నా నెత్తిమీద పెట్టు."

నాగరాజ్ మూటను మంచం అవతలికి తోశాడు. ఆదివారం పొద్దునకల్లా ఈ గది ఖాళీ కావాలి. నలుగురు మనుషులు చుట్టూ తిరిగే చోటుండాలి. బల్లంటే నిజం బల్ల కాదు, మహాదేవమ్మ అల్లం ఆరబోసే రెండు వెడల్పాటి చెక్కలు. వాటిని మంచం మీదా ట్రంకుపెట్టె మీదా పక్కపక్కన పేర్చి, ఎత్తు చాలని చోట డిగ్రీ పుస్తకాలు దోపాడు. రసాయన శాస్త్రం సరిగ్గా సరిపోయింది. ఫ్యాక్టరీలో గేరుపెట్టెలు కొలిచే అలవాటు కొద్దీ మట్టం గొట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా ఊరుకోలేదు. చెక్కలకు అల్లం వాసన పట్టేసి ఉంది. తడిగుడ్డతో తుడిచాడు. వాసన ఇంకా ఎక్కువైంది.

ఆ చెక్కల మీద ఆదివారం మంజీర పారాలి. ఏటికి ఈవల ఓరుగల్లు నుంచి వచ్చిన రుద్రమ సేన, ఆవల దేవగిరి యాదవుల సేన నిలబడాలి. ఒక్కో సైనికుడు బొటనవేలి కణుపంత ఉంటాడు. ఏనుగైతే నిమ్మకాయంత. నెలల తరబడి సాగుతున్న ఆట ఇది. మహిధర్ గారి క్వార్టర్ గోడకు ఒక పటం ఉంది, దాని మీద రెండు సేనలూ నెలనెలా కదులుతాయి. ఎక్కడ ఎదురుపడితే ఆ చోటును బల్ల మీద కట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. ఒక యుద్ధంలో పడిన గుర్రం తర్వాతి యుద్ధానికి రాదు. చరిత్రలో మంజీర రేవు దగ్గర ఇట్లాంటిది జరిగిందని ఎవరూ అనడం లేదు. పటం మీద సేనలు అక్కడ తగులుకున్నాయి, అంతే.

ఆడేవాళ్ళు నలుగురు. భీమవరం వైపు నుంచి వచ్చిన మహిధర్, ట్రాక్టర్ ఫ్యాక్టరీలో నాగరాజ్ పనిచేసే సెక్షన్‌కు పెద్ద. హరీశ్ స్టోర్స్‌లో, కీర్తన డిజైన్‌లో ఇంజనీర్లు. ఎవరి ఇంట్లో యుద్ధమైతే నేల కట్టే పని వాళ్ళదని ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. కానీ ఇంతవరకు గుట్టలూ చెట్లూ చేసిందీ, బొమ్మలకు రంగులేసిందీ నాగరాజే. అల్లం గంపలో గడ్డి పరిచి, సైన్యాన్ని బండి వెనక కట్టుకొని వాళ్ళ ఇళ్ళకు మోసేవాడు. అతని వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "మా ఇంట్లోనే పెడదాంలే, నీకెందుకు ఇబ్బంది" అనేవాళ్ళు. ఈసారి నాగరాజ్, "లేదు సార్, మా ఇంట్లనే" అన్నాడు. ఆ మాట నోట్లోంచి జారినప్పటి నుంచి అతనికి అన్నం సరిగ్గా దిగడం లేదు.

మర్నాడు షిఫ్ట్‌లో మహిధర్ అతని దగ్గరికే వచ్చాడు. చేతిలోకి కొలత పరికరం తీసుకొని, చూడకుండానే మళ్ళీ పెట్టేశాడు.

"ఏమయ్యా, మీ ఇల్లు ఎక్కడన్నావు? చిరాగ్‌పల్లి రోడ్డులోనా?"

"కాదు సార్. రైల్వే గేటు అవతల. కాలనీల."

"ఓహో." మహిధర్ ఒక్క క్షణం ఆగాడు. "ఆ కాలనీయా."

గేటు అవతలి కాలనీలో ఎవరుంటారో జహీరాబాద్‌లో అడిగి తెలుసుకోవలసిన పని లేదు. నాగరాజ్ గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చేతులకు గ్రీజు ఏమీ లేదు.

"మరి భోజనాలు బయటినుంచి తెప్పించేద్దామయ్యా. అమ్మగారికి శ్రమ ఎందుకు?"

"నేను గదే అనుకున్న సార్," అన్నాడు నాగరాజ్ వెంటనే. "హైవే మీద హోటల్ల చెప్పేసిన కూడ. నీళ్ళ సీసలు గూడ అండ్లనే వస్తయి."

చెప్పలేదు. సాయంత్రం ఇంటికి పోతూ పోతూ హోటల్ ముందు బండి ఆపి చెప్పాడు. వెజిటబుల్ బిర్యానీ, రోటీలు, నీళ్ళ సీసాల పెట్టె ఒకటి. ఆదివారం పన్నెండున్నరకు ఇంటికి పంపమన్నాడు. మహిధర్ మాటను దారంతా తిప్పి తిప్పి చూసుకున్నాడు. శ్రమ ఎందుకనే అన్నాడు. మర్యాదకే అని ఉండొచ్చు. కానీ ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆగాడు కదా.

శనివారం ఏరు కట్టాడు. అట్టముక్కలతో ఒడ్లు లేపి, మంజీర ఇసుకను జల్లించి జిగురు మీద చల్లి, నడుమ గోధుమరంగు పూసి, అది ఆరాక పైన వార్నిష్ పొరలు పోశాడు. రేవు దగ్గర మాత్రం పలచగా పోశాడు, అడుగున గులకరాళ్ళు కనబడాలని. మహాదేవమ్మ కోత ఆపి వచ్చి నిలబడింది.

"నిజం నీళ్ళ లెక్కనే ఉన్నది గాదురా!" వేలు పెట్టబోయింది.

"అవ్వా, తడి! ముట్టకు!"

"అబ్బో, పిలగాని మంజీర." వేలు చీర కొంగులో దాచుకున్నట్టు చేసింది. "గిదంత మంచిగనే ఉన్నది. రేపు వచ్చెటోళ్ళకు ఏం వండాలె? ఆంధ్రోళ్ళు జొన్నరొట్టె తింటరా?"

"నువ్వేం ఫికర్ వెట్టుకోకు. ఏం వద్దు."

"వద్దంటే? ఇంటికొచ్చినోళ్ళను ఉపాసం ఉంచుతవా?"

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పి ఉంటే సరిపోయేది. హోటల్‌కు చెప్పిన అనాలి. ఎందుకు చెప్పినవురా అంటుంది. దానికేం చెప్పాలి? నాగరాజ్ వార్నిష్ డబ్బా మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించాడు.

"చూద్దాంలే అవ్వా. ఒక దుప్పటుంటే ఇయ్యి. బల్ల నడుమ కట్టాలె."

"బల్లకు దుప్పటేంది?"

"ముందుగాల ఎవరి సైన్యం వాళ్ళు నిలవెట్టుకుంటరు. అవతలోళ్ళది ఇవతలోళ్ళకు కనవడొద్దు. అంత అయినంక తీస్తరు."

మహాదేవమ్మ కాసేపు ఆలోచించి, ట్రంకుపెట్టెలోంచి ఏదో కావాలంది. బల్ల సగం దాని మీదే ఉంది. తిట్టుకుంటూ చెక్క లేపి పట్టుకుంటే, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక పసుపు గుడ్డ లాగింది. అక్క మమత పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పట్టిన అడ్డుతెర.

"దుప్పటి కట్టుడేంది, నలుగురు పెద్దోళ్ళు వస్తుంటే. గిది కట్టు. కింద మాత్రం పడనియ్యకు."

ఆదివారం మహిధర్ కారు గల్లీలోకి పట్టలేదు. గేటు దగ్గరే ఆపి ముగ్గురూ నడిచి వచ్చారు. నాగరాజ్ ఎదురెళ్ళి ముందు నడుస్తూ, ఎక్కడ మోరీ ఉంటే అక్కడ "జర చూసి సార్" అంటున్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ కనబడనివన్నీ ఇవాళ కనబడుతున్నాయి. పక్కింటి శాంతమ్మ గోడకేసిన పిడకలు, కరెంటు తీగ మీద వేలాడుతున్న ఎవరిదో గాలిపటం తోక, తమ తలుపుకు సగమే వేసిన రంగు. రాత్రి తుడిచిన కుర్చీలను పొద్దున మళ్ళీ తుడిచాడు. వాళ్ళు కూర్చోకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళారు.

"అబ్బా!" అంది కీర్తన, వంగి ఏటి మీదికి ముఖం పెట్టి. "అడుగున రాళ్ళు కూడా కనిపిస్తున్నాయండీ. నాగరాజ్ గారూ, ఏంటీ మంచి వాసన? అల్లమా?"

"చెక్కలకు అంటిన వాసన మేడం. ఎంత కడిగినా పోతలేదు."

"పోగొట్టడం దేనికి? బావుంది."

హరీశ్ తెర అంచు పట్టుకొని చూసి గట్టిగా నవ్వాడు. "బాస్, ఇది పెళ్ళితెర! మహిధర్ గారూ, మీరు అటుపక్క బాసింపట్టు వేసుకుని కూర్చోండి. తెర తీశాక తలంబ్రాలు."

"తెర తీశాక నీ ఏనుగులు ఉంటే చూద్దాంలేవయ్యా," అన్నాడు మహిధర్.

"నావి మీ ఏనుగులే సార్, మనిద్దరం ఒకే పక్షం."

వంటింటి గుమ్మంలోంచి మహాదేవమ్మ నమస్కారం పెట్టింది. మహిధర్ కూడా చేతులు జోడించి, "మీకు గది లేకుండా చేశామండీ" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయేలోపు నాగరాజ్ పాచికల డబ్బా తెరిచాడు.

తెరకు ఈవల నాగరాజూ కీర్తనా రుద్రమ సేనను నిలిపారు. "మీది బీదర్ బార్డర్ కదండీ, న్యాయానికి మీరు దేవగిరి వాళ్ళతో ఉండాలి," అని కీర్తన గుసగుసగా ఏడిపించింది. నాగరాజ్ నవ్వబోయాడు, రాలేదు. రేవు పక్కన ఈతవనం ఒకటి కట్టాడు. దాని వెనక ఏమైనా ఉంటే, శత్రువు దగ్గరికి వచ్చేదాకా బల్ల మీద పెట్టనక్కర్లేదు. ఏం దాచిందీ కీర్తనకు చెవిలో చెప్పాడు. చెబుతూనే రెండుసార్లు వాకిలి వైపు చూశాడు.

"టెన్షన్ ఎందుకండీ? ఆటే కదా."

తెర దించి మడిచి, మహాదేవమ్మ చేతికిచ్చాడు. ఆట మొదలైంది. దేవగిరి గుర్రాలు ఏటి దగ్గరికి వచ్చాయి. మహిధర్ టేపు పట్టుకుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు. అతను కొలిచేటప్పుడు టేపు కొస కొంచెం ముందుకు జరుగుతుందని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నాగరాజ్ మనసు సగమే ఆటలో ఉంది. మిగతా సగం తలుపు దగ్గరుంది. వంటింట్లోంచి పెనం మీద రొట్టె తట్టిన చప్పుడు వినబడుతోంది. ముందు ఒకటి. ఆగి, ఇంకొకటి. పుంటికూర పోపు ఘాటు గదిలోకి వచ్చింది. ఏం వద్దని చెప్పాడు కదా. వద్దని గట్టిగా చెప్పలేదు కదా.

"అమ్మగారు ఏదో చేస్తున్నట్టున్నారు," అంది కీర్తన గాలి పీల్చి.

సరిగ్గా అప్పుడే బయట హారన్ మోగింది. హోటల్ మనిషి రెండు చేతుల్లో పొట్లాల సంచులతో, భుజం మీద నీళ్ళ సీసాల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. "నాగరాజ్ అంటే ఎవరన్నా? బిర్యానీ పార్సల్."

మహాదేవమ్మ అప్పుడే వంటింట్లోంచి వచ్చింది. చేతిలో రొట్టెల గంప, పైన తడిగుడ్డ. పొట్లాల వైపు చూసింది. పెట్టె మీదున్న సీసాల బొమ్మ చూసింది. కొడుకు వైపు ఒక్కసారి చూసి, గంపను నడుముకు ఆనించుకొని వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. వెనక తలుపు తీసిన చప్పుడైంది.

హరీశ్ పొట్లాలు అందుకున్నాడు. మహిధర్ సీసా మూత తిప్పుతూ, "ఎంతైందో చెప్పవయ్యా" అన్నాడు. కీర్తన మాత్రం వంటింటి వైపే చూస్తూ, "రొట్టెలు కదండీ అవి?" అని మెల్లగా అడిగింది. నాగరాజ్ విననట్టు ఆకు పళ్ళాలు పరిచాడు. బిర్యానీ ఎవరికెట్లా ఉందో తెలియదు, అతనికి మాత్రం అట్ట నమిలినట్టుంది.

తిన్నాక మహిధర్ తన గుర్రపు దండునంతా రేవులోకి దింపాడు. ఏటి నడుమ ఉన్నాయి గుర్రాలు. ఈతవనానికి జానెడు దూరం. తర్వాతి ఎత్తు నాగరాజ్‌ది. అప్పుడు మహిధర్ ఫోన్ మోగింది. ఫ్యాక్టరీలో లైన్ ఆగిపోయింది, వెంటనే రావాలి.

"సగంలో ఆగింది," అని మహిధర్ బల్ల వైపు చూశాడు. "ఒక పని చేద్దామయ్యా. ఫోటోలు తీసుకుని, అన్నీ ఎత్తి మా ఇంటికి చేర్చు. వచ్చే వారం అక్కడ మళ్ళీ ఇలాగే నిలబెట్టుకుని ఆడేద్దాం."

నాగరాజ్ నోట్లో "సరే సార్" సిద్ధంగానే ఉంది. గంప ఎక్కడుందో, గడ్డి ఎక్కడుందో కూడా గుర్తుకొచ్చింది. కానీ వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది, అందులోంచి ఎండ వంటింటి నేల మీద పడుతోంది.

"కదిపితే ఓడినట్టే గద సార్," అన్నాడు. "మీరు పెట్టిన రూలే. మీ ఇంట్ల యుద్ధం ఆగినప్పుడు వారం దాకా డైనింగ్ టేబుల్ మీదనే ఉంచిన్రు. హిమబిందు మేడం మనందరిని కింద కూసవెట్టి బువ్వ వెట్టిన్రు."

మహిధర్ భార్య మాట రాగానే హరీశ్ గొంతు సవరించుకున్నాడు. కీర్తన గబుక్కున ఏనుగును చూడ్డం మొదలుపెట్టింది.

"అది మా ఇల్లు కాబట్టి సరిపోయిందయ్యా," అన్నాడు మహిధర్. "ఇక్కడ అమ్మగారికి పని ఉంటుంది. ఏమండీ, ఈ చెక్కలు మీకు కావాలి కదా?"

మహాదేవమ్మ వెనక తలుపులోంచి లోపలికి వస్తోంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"రేపు పొద్దుగాల కావాలె," అంది. నాగరాజ్ తల దించుకున్నాడు. ఆమె బల్ల వైపు, ఏటి వైపు చూసి, "ఉండనియ్యుండ్రి. అల్లం కింద పోసుకుంట" అంది. కొడుకు ముఖం మాత్రం చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక నాగరాజ్ వంటింట్లోకి పోయాడు. పెనం కడిగి బోర్లించి ఉంది.

"రొట్టెలేవి అవ్వా?"

"శాంతమ్మ ఇంట్ల ఇచ్చిన. వాళ్ళు తింటరు." మిగిలిన సీసాలను కాలితో గోడకు జరిపింది. "గివి నీ బల్ల కింద పెట్టుకో. నాకేం అవుసరం లేదు."

"అవ్వా, వాళ్ళే అన్నరు, నీకు తక్లీబు ఎందుకని..."

"వాళ్ళన్నరో, నువ్వన్నవో." కత్తిపీట లాక్కొని కూర్చుంది. "సదువుకున్నవు, నీకే ఎరుక."

సోమవారం ఆమె అల్లాన్ని నేల మీద పరిచింది. పొద్దంతా వంగి ముక్కలు తిప్పి, సాయంత్రానికి నడుం పట్టుకొని లేచింది. బల్ల జోలికి మాత్రం పోలేదు. బల్ల మీద దుమ్ము పడకుండా పెళ్ళితెర కప్పి ఉంది. కప్పింది నాగరాజ్ కాదు. నాగరాజ్ మాట్లాడించబోతే ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. ఫ్యాక్టరీలో మహిధర్ కూడా పనుల గురించి తప్ప మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం గేరుపెట్టె మీదుగా వంగి, "ఆ ఈతవనం వెనక ఏమీ లేదు కదూ?" అని, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

బుధవారం షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేసరికి తలుపు ముందు నల్ల బూట్లు కనబడ్డాయి. లోపల మహిధర్ చేతులు వెనక్కి కట్టుకొని, తెర తీసిన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మహాదేవమ్మ గడప మీద అడ్డంగా కూర్చొని, కళ్ళు అతని చేతుల మీదే ఉంచి, అల్లం కోస్తోంది.

"నేనేమీ ముట్టుకోలేదయ్యా," అన్నాడు మహిధర్, దొరికిపోయినవాడిలా. "అమ్మగారు చూస్తూనే ఉన్నారు."

"ముట్టనియ్యలే," అంది మహాదేవమ్మ.

"ఏం లేదు, ఇటు పని మీద వచ్చాను. ఊరికే ఒకసారి చూద్దామని." ఈతవనం వైపు వంగాడు. మూడు రోజుల్లో అతని కళ్ళ కింద నల్లబడింది. "నిద్ర పట్టట్లేదయ్యా. గుర్రాలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నువ్వేమో ఏమీ చెప్పవు."

"చెప్తే ఎట్ల సార్?"

మహిధర్ నవ్వి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మే నెల ఎండ రేకుల మీద నుంచి దిగి గదంతా ఉడికిస్తోంది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మహాదేవమ్మ కుర్చీ చూపించలేదు, ఏమీ అడగలేదు. చివరికి అతనే అన్నాడు.

"కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

కోస్తున్న చెయ్యి ఆగింది. ఆమె అతని వైపు కాదు, కొడుకు వైపు చూసింది.

"ఏ నీళ్ళియ్యాలె నాగూ? నీ సీసల నీళ్ళా?"

సీసాలు వంటింటి గుమ్మం పక్కన గోడవారనే ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. నాగరాజ్ వాటిని దాటుకొని వంటింట్లోకి పోయాడు. మూలనున్న రంజన్ కుండ మూత తీసి, గ్లాసు ముంచి, అడుగు తుడిచి తెచ్చి మహిధర్ చేతికిచ్చాడు. ఇచ్చాక చూపు తిప్పుకోలేదు. మహిధర్ ఒక్క క్షణం ఆగాడు. గ్లాసులో ఏముందోనన్న ఆలోచన కాకపోవచ్చు, అయ్యుండొచ్చు కూడా. తర్వాత ఎత్తి గటగటా తాగాడు. గడ్డం మీదికి కారిన నీటిని తుడుచుకొని, గ్లాసు మళ్ళీ ముందుకు చాపాడు.

"చల్లగా ఉన్నాయి. ఇంకొంచెం."

రెండో గ్లాసు తెస్తూనే నాగరాజ్ అన్నాడు. "ఆదివారం హోటల్ వద్దు సార్. ఇంట్లనే తింటం. మా అవ్వ వండుతది."

"నన్నడిగినవా?" అంది మహాదేవమ్మ.

మహిధర్ గ్లాసు పట్టుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె కోసిన ముక్కను వెలుతురుకు పట్టి, కన్నుందో లేదో చూసి, గంపలో వేసింది.

"అడుగుతున్న అవ్వా," అన్నాడు నాగరాజ్. "ఆదివారం వండుతవా?"

ఇంకో ముక్క గంపలో పడింది. ఆ తర్వాత ఇంకొకటి.

"పిండి అయిపోయింది," అంది. "సంచిల జొన్నలున్నయి. గిర్ని బంద్ గాకముందే పట్టిచ్చుకరా."

నాగరాజ్ సంచి చెవి పట్టి గుమ్మం వైపు ఈడ్చాడు. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి కేక వచ్చింది.

"ఓ నాగూ! మీ సారును గూడ తీస్కపో. నేను పొయ్యికాడికి పోవాలె. ఈయన ఒక్కడు ఈడ ఉంటే గుర్రాలు జరుపుతడు."

మహిధర్ గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే వచ్చి బూట్లు తొడుక్కున్నాడు. బల్ల వైపు ఆఖరుసారి ఒక చూపు చూసి, సంచి రెండో చెవి పట్టుకున్నాడు.